గోడకు లాంగ్‌సోర్డ్: ఎంచుకోవడం నుంచి నూనె రాయడం దాకా

నేను మొదటిసారి కొన్న లాంగ్‌సోర్డ్‌ని వంటింటి త్రాసు మీద పెడితే రెండు కిలోల మూడు వందల గ్రాములు తూగింది. "చూశారా, ఆ కాలం వాళ్లు ఇంత బరువు తిప్పేవాళ్లు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ గొప్పగా చెప్పాను. ఆ తర్వాత ఒకరోజు మ్యూజియంలో ఉన్న అసలు కత్తుల కొలతలు చదివి నోరు మూసుకున్నాను. చాలావరకు అవి 1.2 నుంచి 1.6 కిలోల మధ్యే ఉన్నాయి. నేను కొన్నది కత్తి ఆకారంలో ఉన్న ఇనప పట్టీ. పైగా దాని పిడి చివర ఒక సింహం తలకాయ, అలుగు (పిడి పోగా మిగిలిన ఉక్కు భాగం) మీద బంగారు రంగు లతలు.

మీరు అలాంటిది కొనకూడదనే ఇది రాస్తున్నాను. అలంకారానికే కొంటున్నా సరే, గోడ మీద ఉన్నది అసలు దాని పోలికలో ఉంటేనే పదేళ్ల తర్వాత కూడా చూడబుద్ధవుతుంది.

డబ్బు తీసే ముందు: ఏ కత్తికి నకలు?

"మధ్యయుగం కత్తి" అని వెతికితే అన్నీ కలిపి చూపిస్తారు. లాంగ్‌సోర్డ్ అంటే ఐరోపాలో, ముఖ్యంగా జర్మన్, ఇటాలియన్ ప్రాంతాల్లో 14వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం మొదటి భాగం వరకు బాగా నడిచిన, రెండు చేతులూ పట్టేంత పిడి ఉన్న నిటారు కత్తి. రెండు వైపులా పదును అంచు ఉంటుంది. మొత్తం పొడవు సుమారు 100 నుంచి 130 సెంటీమీటర్లు. దీన్ని పట్టుకుని ఎలా పోరాడాలో నేర్పిన గురువులున్నారు. జర్మన్ సంప్రదాయానికి యోహానెస్ లీష్టెనావర్ మూలపురుషుడు. 15వ శతాబ్దం మొదట్లో ఇటలీలో ఫియోరే దెయ్ లిబెరి బొమ్మలతో సహా పాఠాలు రాయించాడు. ఆ బొమ్మల్లో ఒకడు కత్తిని తిరగేసి, అలుగునే చేతులతో పట్టుకుని, పిడి వైపు భాగంతో ఎదుటివాడి నెత్తి మీద మోదుతుంటాడు. మొదటిసారి చూసినప్పుడు బొమ్మ గీసినవాడు పొరబడ్డాడేమో అనుకున్నాను. కాదు, అది నిజంగానే ఒక పద్ధతి. ఒళ్లంతా ఉక్కు రేకుల కవచం తొడిగినవాడి మీద కోత పనిచేయదు. గుద్దాలి, లేదంటే సందు చూసి పొడవాలి.

కత్తి ఆకారం మారింది కూడా అందుకే. కవచం గట్టిపడేకొద్దీ వెడల్పాటి చదును అలుగులతో పాటు, మొన వైపు బాగా సన్నబడే గట్టి అలుగులు వచ్చాయి. వాటిని అడ్డంగా కోసి చూస్తే చీటీపేకలో డైమండ్ గుర్తులా ఉంటాయి, మధ్యలో నిలువునా ఒక వెన్ను లేచి ఉంటుంది. పాత తరహా అలుగులకు మధ్యలో గాడి ఉంటుంది. ఆ గాడి రక్తం కారడానికని అమ్మేవాళ్లు చెబుతారు. నమ్మకండి. బరువు తగ్గాలి, బిగువు పోకూడదు, గాడి తీసింది అందుకు.

20వ శతాబ్దంలో ఎవర్ట్ ఓక్‌షాట్ అనే ఇంగ్లండు పరిశోధకుడు ఈ ఆకారాలన్నిటినీ రోమన్ అంకెలతో వర్గాలుగా విడగొట్టాడు. సేకరించేవాళ్లంతా ఇప్పటికీ ఆ భాషే మాట్లాడతారు. మీరు మొత్తం కంఠతా పట్టక్కర్లేదు, రెండు మూడు చాలు. 13ఎ అంటే వెడల్పాటి, గాడి ఉన్న, కోతకు చేసిన పెద్ద యుద్ధపు కత్తి. 15ఎ అంటే పిడి దగ్గర వెడల్పుగా మొదలై సూదిలా ముగిసేది. 18బి అంటే 15వ శతాబ్దపు పొడవాటి, సొగసైన రకం. మ్యూనిక్‌లోని బవేరియన్ నేషనల్ మ్యూజియంలో 1480 ప్రాంతపు 18బి కత్తి ఒకటుంది. నా లెక్కలో లాంగ్‌సోర్డ్ అందమంతా దానిలోనే ఉంది. ఇవి కొంచెం గంభీరంగా ఉన్నాయి, నాకు పొట్టివి కావాలి అంటే, ఫ్రాన్స్‌లో కాస్టిలోన్ దగ్గర దోర్దోన్య్ నదిలో దొరికిన 15వ శతాబ్దపు కత్తుల ఫోటోలు చూడండి. సుమారు 80 కత్తులు ఒక్కచోటే బయటపడ్డాయి.

చేయాల్సింది ఇదీ: ఒక అసలు కత్తిని ఎంచుకోండి. దాని ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో చాలా కత్తుల పొడవు, బరువు కూడా రాసి ఉంటాయి. అవి ఒక కాగితం మీద రాసుకోండి. అమ్మేవాళ్లు చూపించే ప్రతి నకలునీ ఆ కాగితం పక్కన పెట్టి చూడండి. సగం సరుకు అక్కడే తేలిపోతుంది.

ఇంకో రెండు గుర్తులు చెబుతాను. అలుగు మీద ఎర్ర శిలువ చెక్కి "టెంప్లర్ లాంగ్‌సోర్డ్" అని అమ్ముతుంటే, టెంప్లర్లనే క్రైస్తవ సన్యాసి యోధుల సంఘాన్ని పోప్ 1312లోనే రద్దు చేశాడని గుర్తు తెచ్చుకోండి. మనం మాట్లాడుకునే రకం కత్తులు బాగా వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. ఇక "డమాస్కస్ ఉక్కు లాంగ్‌సోర్డ్" అని నీటి అలల్లాంటి చారలతో వచ్చేది. మధ్యయుగం చివరికి ఐరోపాలో అలాంటి చారల అలుగులు చేయడం ఎప్పుడో మానేశారు. చారల ఉక్కు కథ మన వైపుది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. అదంటే మీకిష్టమైతే దానికి తగిన తల్వారు, అంటే మన వైపు వంపు కత్తి, నకలు కొనుక్కోండి. ఐరోపా కత్తికి ఆ చీర కట్టకండి.

లోపల ఏముందో అడగాలి

పైకి కనిపించే మెరుపు కంటే పిడి లోపల దాగిన భాగం ముఖ్యం. కొడవలికి చెక్క పిడిలోకి దూరే తోక ఉంటుంది కదా, కత్తికీ అంతే. దాన్ని టాంగ్ అంటారు. మంచి నకలులో అలుగూ టాంగూ ఒకే ఉక్కు ముక్క. అది పిడి పొడవునా వెళ్లి, చివర ఉండే గుండులోంచి బయటికొస్తుంది. ఆ గుండును పామెల్ అంటారు. బయటికొచ్చిన కొసను వేడి చేసి సుత్తితో అణచి రివిట్‌లా బిగిస్తారు. అసలు కత్తులకూ ఇదే పద్ధతి. చవక రకాల్లో అలుగు పొట్టిగా ఆగిపోతుంది, దానికి ఒక సన్నటి మరచీల కడ్డీని వెల్డింగ్ పెట్టి, చివర నట్టు బిగిస్తారు. దీన్నే ఎలక తోక అంటారు.

గోడకు తగిలించడానికి ఎలక తోక చాలదా? చాలు. కానీ ఒక్కసారి కూడా తిప్పకూడదు. మీరు తిప్పరు సరే, ఇంటికొచ్చిన బావమరిది తిప్పుతాడు. వెల్డింగ్ దగ్గర విరిగితే మీటరు పొడవున్న అలుగు గదిలో ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఎలక తోక కత్తి ఇంట్లో ఉంటే, అది చేతికందని ఎత్తులో వైరుతో కట్టేసి ఉండాలి.

ఉక్కు సంగతి. చవక నకళ్లు ఎక్కువగా 420 రకం స్టెయిన్‌లెస్‌తో వస్తాయి. ఖరీదైనవి 1060, 1075 లాంటి కార్బన్ ఉక్కుతోనో, 5160 స్ప్రింగ్ ఉక్కుతోనో వస్తాయి. సేకరించేవాళ్లలో చాలామంది స్టెయిన్‌లెస్ అనగానే మొహం చిట్లిస్తారు. పొడవాటి అలుగుకు అది పెళుసు, దెబ్బ తగిలితే విరుగుతుంది, నిజమే. అయితే మీది విశాఖో కాకినాడో, కిటికీలోంచి సముద్రపు గాలి వస్తుంది, నెలకోసారి నూనె రాసే ఓపిక లేదు, కత్తి గోడ దిగదు అనుకోండి. అప్పుడు ఆకారం సరిగ్గా ఉన్న స్టెయిన్‌లెస్ కొనుక్కోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నేను మాత్రం కార్బన్ ఉక్కు వైపే. దానికి వచ్చే బూడిద రంగు నిగారింపు స్టెయిన్‌లెస్‌కు రాదు. స్టీలు గరిటెకూ పాత కత్తిపీటకూ ఉన్న తేడా అది.

అమ్మేవాళ్లకు నేను పంపే ప్రశ్నలు ఇవి: మొత్తం బరువెంత? అలుగు మందం పిడి దగ్గర ఎంత, మొనకు ఒక జానెడు ఇవతల ఎంత? తూకం ఎక్కడ నిలుస్తుంది? టాంగ్ చివర రివిట్టా, నట్టా?

మందం ప్రశ్న చాలామంది అడగరు, అసలు గుట్టంతా అందులోనే ఉంది. నిజమైన లాంగ్‌సోర్డ్ అలుగు పిడి దగ్గర ఐదారు మిల్లీమీటర్ల మందంతో మొదలై మొన వైపు పోనుపోను పల్చబడుతుంది. చవక నకలు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మందం, ఎందుకంటే రేకులోంచి కత్తిరించి అంచు అరగదీస్తారు. బరువు పెరిగేది అక్కడే. కత్తిని అడ్డంగా వేలి మీద నిలబెడితే, పిడికీ అలుగుకూ మధ్య ఉండే అడ్డపట్టీ నుంచి 8 నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో తూకం నిలవాలి. 18, 20 సెంటీమీటర్ల దగ్గర నిలిచిందంటే అది గునపం. రాతపూర్వకంగా జవాబివ్వని అంగడిని వదిలేయండి. నాకు ఒకచోట "సార్, ఒరిజినల్ లాగే హెవీ" అని జవాబొచ్చింది, దాంతో నాకు కావాల్సింది తెలిసిపోయింది.

ప్రపంచమంతటా సేకరించేవాళ్లు కొనే నకళ్లలో కొన్ని మన దేశంలోనే తయారవుతాయి. డెహ్రాడూన్‌లో 1943లో మొదలైన విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ అమెరికాకు, ఐరోపాకు కత్తులు పంపుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు అక్కడ ఆర్డర్ పెట్టిన కత్తి డెహ్రాడూన్‌లో పుట్టి ఉండొచ్చు.

చట్టం, కొంచెం ఓపికగా

ఇది దాటేసి కింది భాగానికి పోకండి. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకులకే కాదు, పదునైన ఆయుధాలకు కూడా. దాని కింద వచ్చిన 2016 నిబంధనల జాబితాలో కత్తులు, బాకులు, 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన అలాంటి ఆయుధాలు ఉన్నాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవి మినహాయింపు. బొమ్మగా తప్ప వాడలేని, ఆయుధంగా మార్చలేని వస్తువు చట్టం దృష్టిలో ఆయుధం కాదు. ఇలాంటి ఆయుధాలు దగ్గర ఉంచుకోవడానికి ఎక్కడ లైసెన్సు కావాలన్నది ప్రభుత్వ నోటిఫికేషన్ మీద ఆధారపడుతుంది. కాబట్టి కొనేముందు మీ పోలీసు స్టేషన్‌లో ఒకసారి అడగండి. నేను వెళ్లినప్పుడు అక్కడి ఎస్సై గారు ముందు అనుమానంగా చూసి, ఫోన్‌లో ఫోటో చూశాక "మా అబ్బాయికి కూడా ఇలాంటివి పిచ్చి" అన్నారు.

పదును లేనిదే కొనండి, తర్వాత పదును పెట్టించకండి. పదును పెట్టించిన రోజున "అలంకారం కోసం" అన్న మీ మాటకు బలం పోతుంది. బిల్లు, వస్తువు వివరం రాసిన కాగితం దాచండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ దగ్గర ఆగిపోవచ్చు, ఆయుధాల దిగుమతికి అనుమతి వేరే వ్యవహారం. వస్తూ వస్తూ సూట్‌కేసులో పెట్టుకొస్తానన్న అన్నయ్యకు ముందే వద్దని చెప్పండి. ఇక కత్తితో కేక్ కోసి వీడియో పెట్టిన కుర్రాళ్ల మీద కేసులు పెట్టారన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. మనది గోడ మీదే ఉంటుంది, వీధిలోకి రాదు.

పెట్టె విప్పే రోజు

వీడియో తీస్తూ విప్పండి. అడ్డపట్టీ వంగి రావడం, పామెల్ వదులై రావడం మామూలే, వీడియో లేకపోతే మార్చరు. అలుగును కంటి ఎత్తుకు తెచ్చి పిడి వైపు నుంచి మొన దాకా ఒక కన్ను మూసి చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. చెవి దగ్గర మెల్లగా కదపండి. గలగల వినిపిస్తే పిడి బిగువు లేదు. గుండు చివర నట్టు ఉంటే కొంచెం బిగిస్తే చాలు. రివిట్ అయితే మీరు సుత్తి పట్టకండి, వెనక్కి పంపండి.

ఫ్యాక్టరీ నుంచి అలుగుకు జిడ్డు పూసి వస్తుంది. మెత్తటి పాత బనియను గుడ్డతో తుడిచి, తర్వాత సర్జికల్ స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. ఆరిన వెంటనే నూనె రాయాలి, రేపు రాద్దాం అనొద్దు. చేతులకు రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. నూలు గ్లవ్స్ జారతాయి.

గోడ

హాల్లో సోఫా పైన బాగుంటుందని మా ఆవిడ అంది. అక్కడ మాత్రం వద్దు. మనుషులు కూర్చునే, పడుకునే చోట పైన కిలోన్నర ఇనుము వేలాడకూడదు. వానకు తడిసే బయటి గోడ వద్దు, ఏసీ నీళ్లు కారే గోడ వద్దు, వంటింటి గోడ అసలే వద్దు, పోపు ఆవిరి అలుగు మీద జిగురులా పేరుకుంటుంది. మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే పిడి తోలు ఎండి పగుళ్లు తేలుతుంది. ఇవన్నీ తీసేస్తే మా ఇంట్లో మిగిలింది పుస్తకాల బీరువా పక్క గోడ ఒక్కటే. అక్కడ దిగువన చిన్న బల్ల ఉంది కాబట్టి నేరుగా కిందికి ఎవరూ రారు. అదే సరిపోయింది.

అడ్డంగా పెట్టాలంటే రెండు కొక్కేలు కావాలి. ఒకటి అడ్డపట్టీకి ఆనుకుని అలుగు కింద, రెండోది మొన నుంచి అలుగు పొడవులో మూడో వంతు ఇవతల. నిలువుగా పెట్టాలంటే అడ్డపట్టీ కింద రెండు మేకుల మీద ఆనేలా, మొన కిందికి ఉండేలా. నాకు నిలువుగా పెట్టినదే ఇష్టం, 18బి లాంటి సన్నటి అలుగు పొడవు అప్పుడే తెలుస్తుంది. ఇటుక గోడైతే డ్రిల్లు వేసి ప్లాస్టిక్ ప్లగ్ దింపి స్క్రూ బిగించండి. అంటించే కొక్కేలు ఎంత బరువు మోస్తాయని రాసి ఉన్నా నమ్మకండి. జిప్సం బోర్డు గోడైతే వెనక ఉన్న ఫ్రేమ్ దొరికేదాకా వెతకాలి. కొక్కెం ఇనుము అలుగుకు నేరుగా తగలకుండా ప్లాస్టిక్ ట్యూబు తొడగండి. తోలు ముక్క చుట్టొద్దు, అది తేమ పట్టి ఉంచుతుంది. చివరగా, సన్నటి స్టీలు వైరుతో పిడిని కొక్కేనికి రెండు చుట్లు బిగించండి. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

తుప్పు

కార్బన్ ఉక్కుకు మీ వేలిముద్రే శత్రువు. చెమటలో ఉప్పుంటుంది, ముట్టుకుని వదిలేస్తే రెండు రోజుల్లో వేలి గీతలతో సహా గోధుమ రంగు మచ్చ లేస్తుంది. తుడిచి, పల్చగా నూనె రాయడం ఒక్కటే మందు. ఏ నూనె? కుట్టుమిషన్ నూనె. కిరాణా కొట్లో చిన్న సీసాగా దొరుకుతుంది, చౌక, వాసన తక్కువ. కొబ్బరినూనె, నువ్వులనూనె రాయకండి, కొన్నాళ్లకు ముక్కిపోయి బంకలా సాగుతాయి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. అలుగు మీద నూనె కనిపించకూడదు, వేలితో రాస్తే జారాలి, అంతే. మామూలు ఊళ్లలో రెండు మూడు నెలలకోసారి, తీరంలో నెలకోసారి, వానాకాలం మూడు వారాలకోసారి. ప్రతిసారీ నూనె విసుగనిపిస్తే మైనం వాడొచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో 1950ల్లో తయారుచేసిన రెనసాన్స్ వాక్స్ అనే మైనాన్ని చాలా మ్యూజియాలు లోహానికి వాడతాయి. పల్చగా రాసి మెరిసేలా తుడిస్తే నూనె కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

కత్తితో పాటు తోలు ఒర వస్తే దాన్ని పక్కన విడిగా తగిలించండి. ఒరలో పెట్టి నెలలు వదిలేస్తే తోలు శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు, లోపలి తేమ కలిసి అలుగును తినేస్తాయి. బయటికి తీసేదాకా తెలియదు కూడా.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఒక దసరాకు ఆయుధపూజలో అమ్మ స్కూటరు, కత్తెర, కుట్టుమిషన్‌తో పాటు నా కొత్త కత్తిని కూడా వరసలో పెట్టింది. పసుపు, కుంకుమ బొట్లు, పైన నిమ్మకాయ కోసి రసం. పూజ అయ్యాక పండగ భోజనం, నిద్ర. మర్నాడు చూస్తే బొట్టు ఉన్న చోట నల్లటి చుక్కలు, నిమ్మరసం కారిన దారంతా బూడిద గీత. అమ్మని ఏమంటాం? అప్పట్నుంచి ఆ రోజు కత్తికి గుడ్డ చుట్టి, బొట్టు పిడి తోలు మీద పెట్టిస్తున్నాను. మీ ఇంట్లో కూడా పూజ ఉంటే ఈ ఏర్పాటు ముందే మాట్లాడుకోండి. ఇత్తడి పామెల్‌ని చింతపండుతో తోమాలనిపించినా వద్దు, ఆ పులుపు పక్కనున్న ఉక్కులోకి దిగుతుంది.

మచ్చలు పోగొట్టేది ఇలా: 2000 నంబరు ఎమరీ కాగితం చిన్న ముక్కకు కుట్టుమిషన్ నూనె అద్ది, అలుగు పొడవు వెంట ఒకే దిశలో, మొన వైపుకు మాత్రమే రుద్దండి. అడ్డంగా గాని, గుండ్రంగా గాని రుద్దితే గీతలు ప్రతి వెలుగులోనూ కనిపిస్తాయి. పోకపోతే 1500 నంబరు వాడి, మళ్లీ 2000కు రండి. నా నిమ్మకాయ గీత పోవడానికి రెండు ఆదివారాలు పట్టింది, దగ్గరగా చూస్తే ఇప్పటికీ లీలగా ఉంది.

పిడి తోలుకు ఏడాదికోసారి తోలు క్రీము వేలితో పల్చగా చాలు. ఎక్కువైతే కింద చుట్టిన దారం నాని తోలు వదులవుతుంది.

ఇల్లు మారితే

వచ్చిన అట్టపెట్టె, లోపలి ఫోమ్ అటక మీద దాచండి. పెట్టె పోయిందా, ప్లంబింగ్ కొట్లో అలుగు పట్టేంత పీవీసీ పైపు కొలిచి కోయించుకోండి. అలుగుకు నూనె రాసి, పాలిథిన్ చుట్టి, అడ్డపట్టీ దాకా పైపులో దింపి, పిడి భాగాన్ని పాత దుప్పటితో కట్టేయండి. లారీలో వేయకుండా మీ కారు డిక్కీలో, బిల్లు దాంతోనే పెట్టుకుని తీసుకెళ్లండి. దారిలో పోలీసులు ఆపి అడిగితే, కట్టు విప్పకముందే బిల్లు చూపించండి.